సభాకంపం, సాధన, హిప్నోథెరపీ: మన కళాకారులు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు నుంచి వచ్చే గాయకులు, వాద్యకారులు, నాట్యం నేర్చుకునే పిల్లలు, ఒగ్గు కథ చెప్పేవారు, కాలేజీ బ్యాండ్ల కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను క్లినికల్ సైకాలజిస్టును. వీణ కొన్నేళ్లు నేర్చుకున్నాను గాని వేదిక ఎక్కేంత కాదు. ఒక మాట ముందే చెప్పి మొదలుపెడతాను. సాధన చేయని కృతిని హిప్నోథెరపీ పాడించలేదు. ఇంట్లో చక్కగా పలికిన కృతి సభలో గొంతులోనే ఆగిపోతుంటే, ఆ అడ్డు తీయడానికి మాత్రం పనికొస్తుంది.

ఇంట్లో వచ్చినది వేదిక మీద ఎందుకు రాదు?

వేదిక ఎక్కగానే శరీరం దాన్ని ఆపదగా లెక్క వేసుకుంటుంది. అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తం వేళ్ల నుంచి పెద్ద కండరాలకు మళ్లుతుంది, అందుకే వీణ వాయించేవారి వేళ్లు చల్లబడతాయి. లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది కనుక ఒక్క శ్వాసలో పూర్తి కావలసిన సంగతి (పాటలో ఒక పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు) మధ్యలో తెగుతుంది.

వయోలిన్ వారిలో ఇది కంటికే కనిపిస్తుంది. వర్ణం రెండో కాలంలో దూసుకుపోతున్నంతసేపూ చేయి బాగానే ఉంటుంది. ఆలాపన మొదలుపెట్టి తారస్థాయి షడ్జం మీద కమానును నెమ్మదిగా లాగవలసి వచ్చినప్పుడు వణుకు బయటపడుతుంది. కమాను తీగ మీద చిన్నగా ఎగురుతుంది, నాదం తునకలు తునకలుగా వస్తుంది. దాన్ని అందరికంటే ముందు వినేది వాయించేవారే. విని మణికట్టు బిగిస్తారు. బిగించేకొద్దీ కమాను ఇంకా ఎగురుతుంది.

దీనికి తోడు మరొకటి జరుగుతుంది. ఏళ్ల తరబడి సాధన చేసిన కదలికను మెదడు తనంతట తానే నడుపుకుంటుంది. భయం వేసినప్పుడు మనం దానిమీద నిఘా పెడతాం. ఇప్పుడు ఏ వేలు, తరవాత ఏ స్వరం అని ప్రతి అడుగునూ పర్యవేక్షించడం మొదలుపెడతాం. అక్కడే పట్టు తప్పుతుంది. 2001లో సియాన్ బైలాక్, థామస్ కార్ గోల్ఫ్ ఆటతో చేసిన ప్రయోగాలు ఇదే చూపించాయి. చేయి తిరిగిన పనిని ఒత్తిడిలో దగ్గరుండి గమనించుకోబోతే ఆ పనే చెడుతుంది. గోల్ఫ్ కర్రకు జరిగేదే కమానుకూ జరుగుతుంది.

హిప్నోథెరపీ అంటే నిద్రపుచ్చి మీ వశం చేసుకోవడమా?

నిద్ర కాదు, వశమూ కాదు. నా మాట వినపడుతూనే ఉంటుంది, బయట రోడ్డు మీద ఆటో హారన్ కూడా వినపడుతుంది. దృష్టి ఒకదాని మీద నిలిచి మిగిలినవి వెనక్కి తగ్గిన స్థితి అది. ఆ స్థితిలో ఊహ బలంగా పనిచేస్తుంది, సూచనలు సులువుగా నాటుకుంటాయి. నచ్చని సూచనను మీరు పక్కన పెట్టగలరు, లేచి వెళ్లిపోగలరు. కాలేజీ ఫంక్షన్లలో కుర్రాళ్లను వేదిక మీదికి పిలిచి కోడిలా కూయించే ప్రదర్శనలు చూసి చాలామంది భయపడతారు. అక్కడ కూసేవారు కూయడానికి సిద్ధపడే వేదిక ఎక్కుతారు.

ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లో శివసత్తులకు వచ్చే పూనకమూ ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. శివసత్తులది భక్తి, మొక్కు, ఆచారం కలగలిసిన జీవితం. దాన్ని నా గదిలోకి తెచ్చి కొలిచే అధికారం నాకు లేదు. డోలు దెబ్బ, బండారి (పసుపు) వాసన, చుట్టూ మూగిన జనం మధ్య మనసు ఒకేచోట లగ్నమై మిగిలిన స్పృహ పలచబడటం వరకు పోలిక ఉంది. అంతకు మించి పోల్చను.

కళాకారులకు ఇది పనిచేసిందనడానికి ఆధారం ఉందా?

అందరూ చెప్పే ఉదాహరణ రష్యాది. సెర్గేయ్ రహ్మానినోవ్ మొదటి సింఫనీ 1897లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఘోరంగా విఫలమైంది. ఆ దెబ్బకు ఆయన దాదాపు మూడేళ్లు పెద్ద రచన ఏదీ చేయలేకపోయారు. 1900లో మాస్కోలో నికొలాయ్ దాల్ అనే వైద్యుడు హిప్నాటిక్ సూచనలతో ఆయనకు చికిత్స చేశారు. రెండో పియానో కన్సెర్టో పూర్తయి 1901లో రహ్మానినోవ్ చేతుల మీదుగానే ప్రదర్శితమైంది, దాన్ని దాల్‌కే అంకితమిచ్చారు. దాల్ స్వయంగా సంగీతం వాయించేవారు. సంగీతం గురించి తనతో సమానంగా మాట్లాడగల వైద్యుడు దొరకడమే సగం మందు అయి ఉంటుందని నా అనుమానం.

దీనికి ఎదురు కథ కూడా ఉంది, అది కూడా సంగీతకారులదే. మరియా థెరీసియా ఫాన్ పారడిస్ అనే అంధ పియానో కళాకారిణికి చూపు తెప్పిస్తానని 1777లో వియన్నాలో ఫ్రాంజ్ మెస్మర్ పూనుకున్నాడు. చూపు నిలవలేదు, పెద్ద గొడవైంది, ఆయన ఊరు విడిచి పారిస్ చేరాడు. 1784లో ఫ్రాన్స్ రాజు వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నారు. మెస్మర్ చెప్పిన అయస్కాంత ద్రవం అనేదే లేదని, రోగుల్లో కనిపించిన ప్రభావానికి ఊహాశక్తే కారణమని ఆ సంఘం తేల్చింది. మెస్మర్‌ను కొట్టిపారేయడానికి వాడిన ఆ ఊహాశక్తే ఇప్పుడు మా పనిముట్టు.

ఇక పరిశోధనల సంగతి. ఆస్ట్రేలియాలో హ్యారీ స్టాంటన్ సంగీత విద్యార్థులపై చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో హిప్నోథెరపీ తీసుకున్నవారికి వేదిక ఆందోళన తగ్గింది, ఆరు నెలల తరవాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది. ఇలాంటి అధ్యయనాలు కొద్దిమందితో చేసినవే. ఆందోళన విషయంలో ఎక్కువ పరిశోధన బలం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్సకు, ఉంది. అందుకే నేను హిప్నాసిస్‌ను విడిగా కాకుండా దానితో కలిపి వాడతాను. నూటికి నూరు శాతం గ్యారంటీ అని బోర్డు మీద రాసుకున్న చోట మెట్లు ఎక్కకండి.

సిట్టింగులో అసలు ఏం చేస్తారు?

మొదటిసారి హిప్నాసిస్ ఉండదు, ప్రశ్నలే ఉంటాయి. "స్టేజి మీద భయంగా ఉంటుంది" అంటే నాకు చాలదు. ఏ కృతి, ఏ చరణం, ఏ తాళం? ముందు వరుసలో ఎవరు కూర్చుంటే ఎక్కువ? పక్కవాద్యం కొత్తవారైతేనా, తెలిసినవారైనా అంతేనా? ఇలా తవ్వితే చాలాసార్లు అసలు చోటు చాలా చిన్నదని తేలుతుంది. తనకు కచేరీ అంటేనే భయమని వచ్చిన ఒక గాయని ఇబ్బంది నిజానికి ఒకేచోట ఉంది: సమం మీద కాకుండా తాళం పడ్డాక మొదలయ్యే పల్లవి ఎత్తుకోవడం. ఎప్పుడో ఒకసారి మృదంగం వారు అందరి ముందూ తల అడ్డంగా ఊపారు. అప్పటి నుంచి ఆ ఎత్తుగడ దగ్గరకు రాగానే గొంతు పట్టేసేది.

రెండోసారి నుంచి అసలు పని. కళ్లు మూసుకోమని, చూపు ఒక బిందువు మీద నిలపమని చెప్పే పాత పద్ధతులు ఉన్నాయి గాని, సంగీతం వచ్చినవారికి నేను శృతి పెట్టె పెడతాను. నాదం మీద మనసు నిలపడం వారికి చిన్నప్పటి నుంచి అలవాటే. పంచమం ఎక్కడ పలుకుతోందో వింటూ ఊపిరి నెమ్మదిగా వదలమంటాను. దవడ, భుజాలు, మోచేతులు, అరచేతులు వరుసగా సడలించమంటాను. పది నుంచి ఒకటి వరకు అంకెలు దిగుతాం.

అప్పుడు కార్యక్రమాన్ని ఊహలో నడిపిస్తాం, గ్రీన్‌రూమ్ నుంచి మొదలుపెట్టి. మల్లెపూల వాసన, పౌడరు డబ్బా, బయట ఎవరో "హలో, మైక్ టెస్టింగ్" అనడం, తెర సందులోంచి కనిపించే ముందు వరుస. గుండె వేగం పెరిగితే పెరగనిస్తాను. భయం రాకుండా చేసే రిహార్సల్ ఎందుకూ కొరగాదు. అది వచ్చినప్పుడే సూచన ఇవ్వాలి: "గుండె దాని వేగంలో అది ఉంది. చేయి తన పని తాను చేసుకుపోతోంది. చెవి శృతిని పట్టుకునే ఉంది." "నాకు భయం లేదు" అనే సూచన ఇవ్వను. గుండె దడదడలాడుతుండగా ఆ మాట అబద్ధమని ఒంటికే తెలుస్తుంది.

చివరిగా ఈ స్థితిని ఒక గుర్తుకు కట్టాలి. చాలామంది బొటనవేలు, చూపుడువేలు కలపమంటారు. మన కళలకు అలాంటి కొత్త గుర్తులు అక్కరలేదని నా అభిప్రాయం. నాట్యం చేసేవారికి భూమి ప్రణామం ఉండనే ఉంది. వీణ వారు తీగలకు తాకి కళ్లకద్దుకుంటారు. గాయకులకు తంబూరా మొదటి మీటు, ఒగ్గు కథకు డోలు మీద తొలి దెబ్బ. ఎలాగూ చేసే పనికే ప్రశాంతతను కడితే వేదిక మీద విడిగా గుర్తుపెట్టుకోవలసింది ఏమీ ఉండదు.

మామూలుగా నాలుగు నుంచి ఆరు సిట్టింగులు పడతాయి. మధ్యలో ఇంట్లో రోజూ పావుగంట సొంతంగా చేసుకోవాలి. అది చేయనివారికి సిట్టింగులు పెంచినా లాభం లేదు.

భయం పూర్తిగా పోవాలని ఉంది. పోతుందా?

పోకూడదు కూడా. మరీ తక్కువ ఉద్వేగంలోనూ, మరీ ఎక్కువ ఉద్వేగంలోనూ పని చెడుతుందని మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా చెబుతారు. దానికి మూలం యెర్క్స్, డాడ్సన్ 1908లో ఎలుకలతో చేసిన ప్రయోగం. ఏ కళకు ఎంత వేడి కావాలనేది వేరు. జాయపసేనాని నృత్తరత్నావళి, రామప్ప గుడి శిల్పాలు ఆధారంగా నటరాజ రామకృష్ణ తిరిగి నిలబెట్టిన పేరిణి ఆడే కుర్రవాడు ధ్యానంలోంచి లేచినట్లు వేదిక మీదికి వస్తే ఆ తాండవంలో పస ఉండదు. అతడికి నేను విశ్రాంతి సూచనలు తగ్గించి, గుండె వేగాన్నే ఉత్సాహంగా చదువుకునే సూచనలు ఇస్తాను. విలంబ కాలంలో, అంటే నెమ్మది నడకలో, పదం అనే భావగీతాన్ని అభినయించే అమ్మాయికి కావలసింది దీనికి పూర్తిగా వేరు.

సాధనకు కూర్చోవాలంటేనే మనసు రావడం లేదు. దీనికీ పనికొస్తుందా?

కొంతవరకు. సాధన అంటే బద్ధకం అని వచ్చేవారిలో సగం మందికి ఉన్నది బద్ధకం కాదు, తమ తప్పులు తాము వినడమంటే బెదురు. ఆ బెదురు మీద పని చేయవచ్చు. మిగిలిన సగానికి నా సలహా ఫోను వేరే గదిలో పెట్టమని. దానికి ఫీజు తీసుకోను.

ఊహలో సాధన చేయడం మాత్రం నిజంగా విలువైనది. 1995లో ఆల్వారో పాస్కువల్-లియోన్ బృందం ఒక ప్రయోగం చేసింది. పియానో రానివారికి అయిదు వేళ్ల అభ్యాసం ఒకటి ఇచ్చి, కొందరిని అయిదు రోజులు రోజుకు రెండు గంటలు వాయించమంది, మరికొందరిని కదలకుండా మనసులో మాత్రమే వాయించమంది. మెదడులో వేళ్లను కదిలించే భాగంలో మార్పు రెండు గుంపుల్లోనూ కనిపించింది. నైపుణ్యంలో నిజంగా వాయించినవారే ముందున్నారు గాని, మనసులో వాయించినవారు ఒక్కసారి మీటల మీద సాధన చేయగానే దాదాపు వారిని అందుకున్నారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో వెళ్లే మృదంగ విద్యార్థికి ఇది ఎంత సమయం మిగులుస్తుందో లెక్క వేసుకోండి.

మరచిపోతామనే భయం ఉన్నవారు సాధన చేసే తీరు కూడా మార్చుకోవాలి. ఎప్పుడూ పల్లవి నుంచే మొదలుపెట్టేవారు మధ్యలో తప్పితే మళ్లీ పల్లవికే పరుగెత్తవలసి వస్తుంది. అనుపల్లవి నుంచి, చరణం మూడో పాదం నుంచి, చిట్టస్వరం మధ్య నుంచి, ఎక్కడ అడిగితే అక్కడ ఎత్తుకునేలా చేసుకోండి. పద్యనాటకం వారికైతే ఇది మరీ ముఖ్యం. హిప్నాసిస్‌లో నేను కావాలనే ఊహాసభలో ఒకచోట తప్పిస్తాను, మీరు పక్క మెట్టు పట్టుకుని ముందుకు వెళ్లాలి.

ఆకాశవాణి ఆడిషన్‌లో ఎదురుగా జనమే ఉండరు. అక్కడ ఎందుకు బిగుసుకుపోతాను?

జనం ఉంటే తల ఊపుతారు, "భలే" అంటారు, కనీసం దగ్గుతారు. స్టూడియోలో ఎర్ర దీపం, అద్దం, నిశ్శబ్దం. ఎవరి ముఖమూ కనిపించనప్పుడు మనసు ఎదుటివారికి చెడ్డ ముఖమే తగిలిస్తుంది. పైగా బి, బి హై, ఏ, టాప్ అనే గ్రేడు మెట్లు తలలో తిరుగుతుంటాయి. ఇంట్లో ఒక మూల టేబుల్ మీద ఎర్ర బల్బు పెట్టుకుని, అది వెలిగించాక ఎక్కడా ఆపకుండా రికార్డు చేసుకోవడం అలవాటు చేసుకోండి. హిప్నాసిస్‌లో కూడా ఆ ఎర్ర దీపాన్నే గుర్తుగా వాడవచ్చు.

మా నాన్న రాత్రంతా ఒగ్గు కథ చెప్పేవారు. కొంచెం కల్లు తాగితే భయం పోతుందని మా మేళంలో అంటారు. నిజమేనా?

భయం కొద్దిసేపు తగ్గుతుంది. దానితోపాటు తాళం మీద పట్టు, గొంతులో తడి, ఎదుటి వంతగాడు విసిరిన మాటను పట్టి తిప్పికొట్టే చురుకు కూడా తగ్గుతాయి. తాగినవారికి మాత్రం తాము బ్రహ్మాండంగా చెబుతున్నామనిపిస్తుంది, అదే చిక్కు. బీరప్ప కథ, మల్లన్న కథ గంటల తరబడి నిలబెట్టాలంటే కావలసినది ఊపిరి. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య డోలు మోగే ఆ కాస్త వ్యవధిలో రెండు నిండు శ్వాసలు వదలడం నేర్చుకుంటే కల్లు కంటే ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. తాగకుండా వేదిక ఎక్కలేని స్థితి వచ్చి ఉంటే అది సభాకంపం దాటిపోయిన సమస్య, మానసిక వైద్యులను కలవాలి.

గుండెదడ తగ్గే మాత్ర ఏదో ఉందట. అది వేసుకుంటే సరిపోదా?

ప్రొప్రనలాల్ గురించి అడుగుతున్నారు. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని దడ, వణుకు తగ్గిస్తుంది. వైద్యులు రాసి ఇస్తేనే వాడాలి. ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం, కొన్ని గుండె జబ్బులు ఉన్నవారికి కూడా. స్నేహితుడి జేబులోంచి తీసుకుని కచేరీ రోజున మొదటిసారి మింగడం మాత్రం వద్దు.

మా అమ్మాయికి పదకొండేళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. పిల్లలకు చేయవచ్చా?

చేయవచ్చు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలు పెద్దవారికంటే సులువుగా స్పందిస్తారు, ఊహలోకి వెళ్లడం వారికి ఆటే. తల్లిదండ్రుల్లో ఒకరు గదిలో ఉండాలి, అమ్మాయికి ఇష్టం ఉండాలి. నేను మొదట తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతాను. తెర పక్కన నిలబడి ముద్రలు చూపిస్తూ, పెదవులు కదుపుతూ, ఫోనుతో వీడియో తీస్తూ ఉండే అమ్మానాన్నల ముందు ఏ పిల్లకైనా అడుగు తడబడుతుంది. ఆ ఇళ్లలో చాలాసార్లు సిట్టింగు అవసరమైనది పిల్లకు కాదు.

అందరికీ పనిచేస్తుందా?

అందరికీ ఒకేలా పనిచేయదు. హిప్నాసిస్‌కు లోనయ్యే గుణం మనిషికీ మనిషికీ మారుతుంది. దాన్ని కొలవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్‌సెన్‌హోఫర్, హిల్గార్డ్ 1959లో కొలమానమే తయారు చేశారు. కొద్దిమంది చాలా లోతుగా వెళ్తారు, కొద్దిమందికి దాదాపు ఏమీ కాదు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. ఇది తెలివికీ, మనోబలానికీ సంబంధించినది కాదు. మా వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ ఊరు కనుక మిమిక్రీ నేర్చుకునేవారు నా దగ్గరకు తరచుగా వస్తారు, మరొకరి గొంతులోకి దూరే అలవాటు ఉన్నందుకో ఏమో, వారు తొందరగా లీనమవుతారు. ఇది నా పరిశీలన మాత్రమే.

హిప్నోథెరపీ కాకుండా వేరే వైద్యం కావలసిన సందర్భాలు ఏవి?

సాధనలో కూడా, భయం లేనప్పుడు కూడా, ఒకటో రెండో వేళ్లు వాటంతటవే ముడుచుకుపోతుంటే అది ఫోకల్ డిస్టోనియా కావచ్చు. వృత్తి సంగీతకారుల్లో నూటికి ఒకరికి వస్తుందని అంచనా. న్యూరాలజిస్టును కలవాలి. గొంతు బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు వైద్యులకు చూపించండి, స్వరపేటిక మీద కణుపులు ఉండవచ్చు. లేని గొంతులు వినపడటం వంటి లక్షణాలు ఉన్నవారికి, మూర్ఛ ఉన్నవారికి మానసిక వైద్యులు, న్యూరాలజిస్టు అనుమతి లేకుండా నేను హిప్నాసిస్ చేయను. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే సిట్టింగు తేదీ కోసం ఆగవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మరిచిపోయిన బాల్య జ్ఞాపకాలో, పూర్వజన్మలో బయటికి తీయమని కొందరు అడుగుతారు. తీయను. హిప్నాసిస్‌లో వచ్చే జ్ఞాపకాల్లో కల్పన కలిసిపోతుంది, కల్పితమైనా నిజమే అన్నంత నమ్మకం కలుగుతుంది.

మంచి హిప్నోథెరపిస్టును ఎలా గుర్తుపట్టాలి?

వారాంతపు కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించినవారు చాలామంది ఉన్నారు. మానసిక వైద్యులైతే వైద్య మండలి నమోదు, క్లినికల్ సైకాలజిస్టయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు అడగండి. అడిగితే చిరాకు పడేవారి దగ్గర ఉండవద్దు. ముందే పది సిట్టింగుల డబ్బు కట్టించుకునేవారి దగ్గర కూడా.

మా గురువుగారికి చెప్పాలా?

చెబితే మంచిది. ఏ సంగతి దగ్గర ఇబ్బందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. చెప్పడానికి సంకోచమైతే నేను బలవంతపెట్టను, మీ విషయం నా గది దాటదు.

సాయంత్రం ఆరుకు కార్యక్రమం అంటారు, ముఖ్య అతిథి ఎనిమిదికి వస్తారు. అప్పటికి నా ఉత్సాహమంతా ఆవిరైపోతుంది. ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు ఏ విదేశీ పుస్తకంలోనూ జవాబు లేదు. కాళోజీ కళాక్షేత్రమైనా, పబ్లిక్ గార్డెన్‌లోని కళాప్రాంగణమైనా, బడి వార్షికోత్సవమైనా జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు అయ్యాకే మన వంతు. కచేరీలో పోయే శక్తి కంటే ఈ నిరీక్షణలో పోయేదే ఎక్కువ.

గజ్జెలు కట్టుకుని, మేకప్ వేసుకుని రెండు గంటలు కాళ్లమీద నిలబడవద్దు. నిర్వాహకులు "ఇదిగో వచ్చేశారు" అన్న మాటను నమ్మి లేవవద్దు. ఒక మూల కూర్చుని, వీపు ఆనించి, శ్వాస లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు లేదా ఎనిమిది అంకెలు లెక్కపెట్టండి. ఊపిరి వదలడం సాగదీస్తే గుండె వేగం తగ్గుతుంది. తరవాత మనసులో మొదటి అంశం మొదటి రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు) మాత్రమే నడపండి, మొత్తం కార్యక్రమం నడిపితే అక్కడే అలసిపోతారు. అరగంటకోసారి లేచి కాస్త నడిచి, గొంతో వేళ్లో వేడి చేసుకోండి. శాలువాలు మొదలయ్యాయంటే ఇంకా పావుగంట ఉన్నట్టు. మీ గుర్తు, అంటే భూమి ప్రణామమో తంబూరా మీటో, అప్పుడు వాడవద్దు. వేదిక మీదే వాడాలి.

నా కార్యక్రమం రేపే. ఇవాళ వచ్చి ఒక సిట్టింగు చేయించుకుంటే సరిపోతుందా?

రావద్దు. కొత్త పద్ధతిని ముందురోజు మొదలుపెడితే రేపు దాని గురించి కూడా ఆందోళన పడతారు. ఇవాళ మామూలుగా చేసే సాధనలో సగం చేయండి, కొత్త సంగతులు కలపవద్దు. రాత్రి తొందరగా పడుకోండి. నేర్చుకున్నది నిద్రలోనే స్థిరపడుతుంది. రేపు ఖాళీ కడుపుతో వెళ్లవద్దు, కాఫీ ఒకటికి మించి తాగవద్దు. మొదటి అంశంగా కష్టమైనది కాకుండా చేతికి బాగా వచ్చినది పెట్టుకోండి. నిర్వాహకులు కార్డు మీద వేరే వరుస అచ్చు వేసి ఉంటే మార్చమని అడగండి, మారుస్తారు. వీలుంటే సభ మొదలయ్యే ముందు ఖాళీ వేదిక మీద కాసేపు నిలబడి, దీపాలు వెలిగించి ఉండగా చివరి వరుస కుర్చీలు ఎక్కడిదాకా ఉన్నాయో చూసుకోండి. కార్యక్రమం అయ్యాక ఎక్కడ పట్టు తప్పిందో, సరిగ్గా ఏ చోటనో, ఆ రాత్రే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితంతో వచ్చే వారం రండి.